ఏంజెలిన్ కూర్చున్న నేల

తెల్లారి లేవగానే ఫ్లోరా చేసే మొదటి పని, కూతురు పడుకున్న చాప కింద చెయ్యి పెట్టి చూడటం. ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. ఏంజెలిన్‌ను లేపి, మూతి పక్కన కారిన చొంగ తుడిచి, రాగిజావ చెంచాతో తాగించి, ఎనిమిదేళ్ళ పిల్లను చంకన వేసుకుని రొయ్యల షెడ్డుకు పోయేది.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలే. ఆ గుంటల మధ్య రెల్లుగుంట పాలెం, పాలెం చివర షెడ్డు. అక్కడ ఆడవాళ్ళు ఐసునీళ్ళలో చేతులు పెట్టి పొద్దస్తమానం రొయ్యల తలలు తుంచుతారు. తుంచిన తలలు డ్రమ్ముల్లో పడి కుళ్ళుతుంటాయి. ఎంత సబ్బు పెట్టి రుద్దినా ఆ కంపు గోళ్ళ సందున మిగిలి, అన్నం ముద్దలోకి కూడా వస్తుంది.

ఏంజెలిన్ సంగతి పాలెమంతా ఎరుగుదురు. మాట రాలేదు, మెడ సరిగ్గా నిలవదు, ఎడమకాలు ఈడుస్తుంది. ఇంకొకటి, ఆ పిల్లను వద్దనుకునే చోట కూర్చోబెడితే నేలలోంచి ఉప్పునీళ్ళు ఊరుతాయి. మొదట అంగన్‌వాడీలో ఊరినాయి. ఆయా గోనెసంచి తెచ్చి తుడిచి, రేపట్నించి తీసుకురామాకమ్మా, తడికి మిగతా పిల్లకాయలకు జలుబు చేస్తాది అన్నది. అంతే. సముద్రం పక్కన బతికే వాళ్ళకు ఉప్పునీళ్ళు ఒక వింతా? నీళ్ళు ఎందుకొచ్చినాయని ఎవరూ అడగలా, ఎవరు తుడవాలని మాత్రం అడిగినారు. పిల్ల లంగాలన్నీ ఉప్పు చారలు కట్టి అట్టల్లాగా బిగుసుకుపోయి ఉండేవి. షెడ్డులో మాత్రం నేలెప్పుడూ తడే కాబట్టి, అక్కడ ఎవరికి ఆ పిల్ల కావాలో, ఎవరికి అక్కర్లేదో తేలేది కాదు.

చర్చిలో ఆదివారం బడికి తీసుకుపోతే చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టినారు. పాస్టరమ్మ గారు వచ్చి, దేవుడిచ్చిన బిడ్డ అంటూ బుగ్గ నిమిరింది. నిమిరిన వేళ్ళు వెంటనే చీరకు తుడుచుకుంది. కాసేపటికి సంఘంలో వాళ్ళ చెప్పులన్నీ నీళ్ళ మీద తేలినాయి.

ఇంక ఆఫీసుల సంగతి చెప్పకపోతేనే మేలు. మండలంలో అడిగితే జిల్లాకు పొమ్మన్నారు. జిల్లాలో అడిగితే, అదంతా మండలంలోనే కదమ్మా అన్నారు. పెద్దాసుపత్రిలో క్యాంపు జరుగుతుందన్నారు, పోతే అది అయిపోయిందన్నారు. ఇట్టాంటి పిల్లలకు బడుల్లోనే వేరే టీచర్లు ఉంటారంట, కాళ్ళకు చేతులకు కసరత్తు చేయిస్తారంట, మాట నేర్పిస్తారంట. ఎక్కడ సార్ అంటే కిటికీ వైపు చెయ్యి ఊపేవాళ్ళు. ఊపే ముందు మాత్రం ప్రతి ఒక్కడూ ఒకే పని చేసేవాడు. బూట్లు తడవకుండా కాళ్ళు పైకెత్తి కుర్చీ కమ్మీ మీద పెట్టుకునేవాడు. కాళ్ళు లేచినాయంటే అక్కడ పని కాదని ఫ్లోరాకు తెలిసిపోయింది. మాట చివరిదాకా వినకుండానే పిల్లను ఎత్తుకుని లేచేది. బస్సెక్కి కూర్చున్నాక అనుకునేది. ఛీ, రొయ్యల కంపు ఒక కంపా? సబ్బుకు కొంతైనా వదులుతుంది. నీళ్ళలో తేలుతూ కూడా నవ్వుమొహం పెట్టుకుని పక్క గదికి పొమ్మనే ఈ మనుషుల కంపు దేనికి వదులుతుంది?

మొగుడు తిమోతికి తడ ఊళ్ళో ఫ్యాక్టరీ పని. ఆదివారాలు వస్తాడు. చెడ్డవాడు కాడు, అలిసిపోయినాడు. నెల్లూరులో ఇట్టాంటి పిల్లల్ని ఉంచుకునే హోమ్ ఒకటి ఉందని ఎవరో చెబితే ఫోన్ చేసి మాట్లాడినాడు.

"ఇంకెన్నాళ్ళు మోస్తావు మే? ఆడైతే చూసుకునేదానికి మనుషులుంటారు. రేపు కాదు, ఆ పై సోమవారం వ్యాను పంపిస్తామన్నారు" అన్నాడు, పెళ్ళాం మొహం చూడకుండా.

శుక్రవారం ఫ్లోరా పని మానుకుని పిల్లతో సహా ఆ హోమ్ చూడటానికి పోయింది. గ్రానైట్ నేల, గోడల నిండా రంగురంగుల బొమ్మలు. లోపల గదుల్లో అంతమంది పిల్లలున్నారంట, ఒక్కరి చప్పుడూ బయటికి రావడం లేదు. హోమ్ నడిపే మేడమ్ గొంతులో పంచదార పాకమే. మీ పాప ఇంక మా పాపేనమ్మా అన్నదో లేదో, బండల సందుల్లోంచి నీళ్ళు చివ్వున లేచి చీలమండలు దాటినాయి. ఏ ఆఫీసులోనూ అంత రాలేదు. మేడమ్ చిరునవ్వు చెదరకుండా కాళ్ళు సోఫా మీదికి మడుచుకుని, వ్యాను పొద్దున్నే వచ్చేస్తుంది, బట్టలు సర్దిపెట్టండి అని చెప్పింది. ఫ్లోరా పిల్లను ఎత్తుకుని ఆ నీళ్ళలోంచే బయటికి నడిచింది.

అయినా ఇల్లు చేరేసరికి భుజం పడిపోయింది. పిల్లను చాప మీద దించి జావ తాగిస్తే, తాగిందంతా ఏంజెలిన్ ఆమె జాకెట్టు మీదే కక్కింది. పుల్లటి వాసన గుప్పుమంది. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న ఫ్లోరా, రానీ ఆ వ్యాను, పీడా వదులుతాది అనుకుంది. పైకి అనలా, మనసులోనే అనుకుంది.

పాదాలకు చల్లగా తగిలింది. కళ్ళు తెరిస్తే చాప అంచు నల్లబడి ఉంది. కింద చెయ్యి పెట్టి చూసి, ఆ వేలు నాలుకకు రాసుకుంది. ఉప్పు.

ఇన్నాళ్ళూ ఊరందరినీ అసహ్యించుకుంది, ఇప్పుడు తన మీద తనకే పుట్టిన రోత ముందు అదంతా ఏపాటి? నోరు కడుక్కున్నా ఆ ఉప్పు పోలేదు. ఏంజెలిన్ మాత్రం తడిలో అరచెయ్యి తపతపా కొడుతూ తల్లిని చూసి నవ్వింది. ఎవరింట్లో నీళ్ళు ఊరినా ఆ పిల్ల అట్టాగే నవ్వేది.

శనివారం పొద్దున పిల్లను ఎత్తుకుని ఫ్లోరా ఊరి బడికి నడిచింది. నెల్లూరు దాకా తిరిగిందే గానీ, సొంత ఊళ్ళో బడిని ఒక్కసారీ అడగలేదు. గుంటల మధ్య ఈ రేకుల బడిలో ఏముంటుందిలే అనుకుంది. హెడ్మాస్టరు సుకుమార్ గారు విషయం సగం వినగానే కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. ఈసారి ఫ్లోరా వెనక్కి తిరగలేదు. నీళ్ళలోనే నిలబడింది.

ఆయన విసుక్కుంటూ, అట్టాంటి పిల్లలకని గది ఉందమ్మా, వెనక గుడ్ల గది అదే అన్నాడు. మధ్యాహ్న భోజనం గుడ్లు అందులో పెట్టుకుంటారని పాలెంలో అందరికీ తెలుసు. అంతకు ముందు అది దేనికోసమో ఎవరూ అడగలా. టీచరు కూడా ఉందంట, ఉషారాణి అని, ఊళ్ళన్నీ తిరుగుతూ శనివారాలు ఇక్కడికి వచ్చి, వరండాలో కూర్చుని సంతకం పెట్టి పోతుందంట.

వరండాలో సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సు కోసం చూస్తున్న ఆవిడే ఉషారాణి. మొహం చిటపటలాడుతూ ఉంది. పిల్ల మెడ చూసింది, కాలు పట్టి చూసింది, గయ్యిమన్నది.

"ఇంత పిల్లను ఇన్నేళ్ళు చంకనేసుకుని తిరిగినావా? ఎప్పుడో తీసుకురావాల్సింది కదా! ఈ ఊళ్ళో ఇట్టాంటి పిల్లలే లేరని చెప్పినారు నాకు."

"ఇట్టాంటి టీచర్లే లేరని చెప్పినారు నాకు" అన్నది ఫ్లోరా, అంతే గట్టిగా.

ఉషారాణి లేచి లోపలికి పోయి సుకుమార్ గారి బల్ల మీది తాళంచెవి తీసుకొచ్చింది. గది తెరిస్తే మురిగిన గుడ్ల కంపు మొహాన కొట్టింది. అట్టలు పైదాకా పేర్చి ఉన్నాయి, కిందివి పగిలి పచ్చగా కారి పురుగు పట్టినాయి. కొంగులు ముక్కులకు కట్టుకుని ఇద్దరూ మోసి బయట పెట్టినారు. ఉషారాణి నోరు మాత్రం ఆగలేదు. హెడ్మాస్టర్ని తిట్టింది, పై ఆఫీసర్లను తిట్టింది, మధ్యలో ఫ్లోరానూ తిట్టింది. అట్టల వెనక తుప్పు పట్టిన కమ్మీలు బయటపడినాయి, పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునేవి. మెడకు ఆసరా ఇచ్చే చిన్న కుర్చీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

ఊడ్చీ ఊడ్వని నేల మీద ఉషారాణి ఏంజెలిన్‌ను కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని వంచడం చాపడం మొదలుపెట్టింది. పిల్ల చొంగ ఆవిడ చీర మీద పడింది. అదే కొంగుతో పిల్ల మూతి తుడిచి, ఇంకా తిడుతూనే ఉంది. ఫ్లోరా అలవాటుగా గదిలో దొరికిన గోనెసంచి పట్టుకుని నీళ్ళ కోసం చూస్తూ నిలబడింది. ఎంతసేపు నిలబడినా రాలేదు.

"ఆ సంచి ఎందుకు పట్టుకున్నావు? వచ్చి చూడు, సోమవారం నుంచి ఇదంతా నువ్వూ చెయ్యాల. శనివారాలు నేనొస్తా, ఒక్క వారం మానినా ఊరుకోను" అన్నది ఉషారాణి.

ఆదివారం తిమోతి వచ్చేసరికి పిల్ల బట్టల సంచి సర్ది లేదు. చాప ఎండకు వేసి ఉంది. వ్యాను వద్దని చెప్పు అన్నది ఫ్లోరా. ఎవరు చూసుకుంటారు మే అని అడుగుతూ తిమోతి కూతుర్ని ఎత్తుకున్నాడు. చేతికి ఏదో గరగరా తగిలింది. ఉప్పేమోనని దులిపినాడు. శనివారం నుంచి ఫ్లోరా కావాలనే మార్చని ఆ లంగాలోంచి దుమ్ము లేచింది, ఊరందరి పిల్లల లంగాల్లోంచి లేచే బడి దుమ్ము. తిమోతి అరచెయ్యి చూసుకున్నాడు, ఇంకోసారి దులిపి చూసినాడు. పిల్లను దించకుండానే జేబులోంచి ఫోన్ తీసి, హోమ్ వాళ్ళకు కలిపినాడు.