ఎడంచేతి ముడి

ఎడ్లు కొనడానికి రాయగడ వెళ్ళినవాణ్ణి ఇంగిలీసు పాటలు వింటూ కూర్చున్నానంటే మా గుణుపురం వైపు ఎవరూ నమ్మరు. సంత మర్నాడు పొద్దున్న. సాయంత్రం బస్సు దిగేసరికి వాన పట్టుకుంది. రైల్వేవాళ్ళ క్లబ్బులో వంట చేసే జగ్గారావు మా దగ్గర చింతపండు కొంటాడు. ఆ పరిచయంతో వెళ్ళి తలుపు తట్టాను.

"ఈయేళ కలకత్తా నుంచి బేండు దిగిందిరా అసిరయ్యా. వాల్తేరు ఎల్తా ఈడ ఆగేరు. వంటింట్లో తొంగుందువుగానీ, అంతవరకూ గుమ్మంకాడ నిలబడి ఇను. జాజ్ మూజిక్కంట. నాకైతే తలా తోకా తెలీదు" అన్నాడు.

గది మా ధాన్యపు కొట్టుకంటే పెద్దది కాదు. ఆరు బల్లలు, ఓ పాతికమంది రైలు డ్రైవర్లూ గార్డులూ వాళ్ళ దొరసానులూ. గదంతా పొగ. ఒకడు పియానో, ఒకడు డ్రమ్ములు, ఒకడు మనిషెత్తు ఫిడేలుని నిలబెట్టి వేళ్ళతో లాగుతున్నాడు. నాలుగోవాడు నల్లకోటు వేసుకుని మా వైపు వీపు పెట్టి క్లారినెట్ ఊదుతున్నాడు. ఒకరు అందుకున్న పాటని ఇంకొకరు లాక్కుపోతున్నారు, దెబ్బలాట కాబోలనుకున్నాను. కాసేపటికి నా కాలు దానంతటదే ఆడటం మొదలెట్టింది. నాకే నవ్వొచ్చింది.

అప్పుడు నల్లకోటువాడు ఇటు తిరిగాడు. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది.

ఆ సగం వేలు తెగ్గొట్టింది నేనే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, చెరుకు కొడుతూ. ఆ చెయ్యి మా అన్నయ్య కన్నయ్యది.

మా అన్నయ్య చచ్చిపోయి తొమ్మిదేళ్ళయింది. రైతుబిడ్డ మేళగాళ్ళ పక్కన కూర్చుని సన్నాయి ఊదుతున్నాడని నాన్న చితకబాది, మళ్ళీ గుమ్మం తొక్కొద్దన్నాడు. ఆ కోపంతో మిలిటరీ కూలీల్లో కలిసి వెళ్ళిపోయాడు. నలభైనాలుగులో బర్మా రోడ్డు మీద లారీ మీద బాంబు పడిందని, అందరూ పోయారని వెనక్కొచ్చినవాడు చెప్పాడు. దర్భబొమ్మ చేసి దహనం చేశాం. నేనే తలకొరివి పెట్టాను. మూడేళ్ళు ఆగి పెద్దలు వదిన్ని నాకు మారుమనువు చేశారు. మా వైపు అది తప్పు కాదు. ఇవాళ నా పెళ్ళాం సత్యవేణి అంటే మా అన్నయ్య పెళ్ళామే.

నిజం చెప్పొద్దూ, అన్నయ్య బతికున్నాడన్న సంతోషం తరవాత వచ్చింది. ముందొచ్చింది భయం. నా ఇల్లు పోయిందనిపించింది. ఈ మనిషి దయ్యమైతే బాగుండునని కూడా అనుకున్నాను.

పాట ఆగింది. మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి, నన్ను చూసి అలాగే నిలబడిపోయాడు.

"అసిరీ! నువ్వేనేట్రా?"

వాటేసుకున్నాడు. వేడిగానే ఉన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఒక్క ఉత్తరం ముక్క రాయనేకపోనావా అన్నియ్యా? తొమ్మిదేళ్ళు!"

"నాన్న బతికుండగా రాయకూడదని ఒట్టెట్టుకున్నానురా. ఆయన పోయేడని మొన్ననే కలకత్తా టేసన్లో మనూరోడు కలిసి సెప్పేడు. రైలు కదిలిపోతంది, ఇంకేటీ అడగనేకపోయేను. వొచ్చే నెల ఇంటికొచ్చేద్దామనుకుంటన్నాను. అమ్మేదీ?"

"అమ్మా పోయింది."

కోటు చేతికి కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత బల్లమీద ఉన్న నా దారిబత్తెం మూట విప్పుకుని చోడిరొట్టె, అదే రాగిరొట్టె, తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"సత్యవేణి కాల్చిందే! ఇంకా అంచు మాడ్చడం మాన్లేదు. అయితే పుట్టింటికి ఎల్లిపోనేదన్నమాట. మనింట్లోనే ఉంది."

"ఉంది" అన్నాను. అది అబద్ధం కాదు.

"నీకు పెళ్ళయిందా? పిల్లలా?"

"ఒక కొడుకు. రెండేళ్ళు."

"పేరేటి?"

నోరు జారింది. ఏదో ఒక పేరు చెప్పి ఉండొచ్చు, ఆ మాత్రం తెలివి నాకు లేకపోయింది.

"కన్నయ్య."

బతికున్నవాళ్ళ పేరు పిల్లలకి పెట్టడం మాలో లేదు. పోయినవాళ్ళే కడుపున పుట్టారని పెట్టుకుంటాం. రొట్టె పట్టుకున్న చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"నాకు పిండాలెట్టేసేరన్నమాట" అన్నాడు మెల్లగా. "బాంబు పడ్డ లారీ నేనెక్కనేదురా. పిల్లడి తల్లెవులు?"

నా చూపు రొట్టె మాడిన అంచు మీదే ఉండిపోయింది. ఆయనా దానికేసి చూశాడు. నన్ను కొడితే హాయిగా ఉండేది. కొట్టలేదు. మిగిలిన రొట్టెలు మళ్ళీ గుడ్డలో పెట్టి మూటకట్టి, "పిల్లడికెట్టు" అని నా చేతికిచ్చి గదిలోకి వెళ్ళిపోయాడు.

తెల్లవారుజాము దాకా ఊదాడు. దొరలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఊదుడు వాళ్ళకి పాట. నేను వంటింటి గోడకి చేరబడి చెవులు మూసుకున్నాను. పొద్దున్న లేచేసరికి బేండువాళ్ళు బండెక్కేశారు.

ఎడ్లు కొనలేదు. సత్యవేణికి చెప్పకూడదని బస్సులోనే గట్టిగా అనుకున్నాను. చెబితే ఆమె నుదుటి బొట్టు ఎవరిదని? పిల్లాడు ఎవరిని నాన్నా అనాలని? ఆకలి కూడా వెయ్యలేదు, మూట ఒళ్ళోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పిల్లాణ్ణి చంకనెత్తుకుని గుమ్మంలో ఉంది.

"ఎడ్లేవీ?"

"బేరం కుదరనేదు."

"రొట్టెలైనా తిన్నావా?" అని మూట అందుకుంది.

చిటికెన వేలు సగమే ఉన్న చేత్తో ముడి వేస్తే అది ఎడమకి తిరిగి బిగుస్తుంది. వెనకటికి మా ఇంట్లో అన్నయ్య కట్టిన బస్తాలు విప్పడం నాకూ నాన్నకీ చేతయ్యేది కాదు. కోసేసేవాళ్ళం. సత్యవేణి మాత్రం కొస పట్టుకుని ఒక్క లాగుతో విప్పేది.

ఇప్పుడూ అలాగే చూడకుండానే లాగింది. ముడి ఊడిపోయింది. ఊడిన గుడ్డకేసి, తన వేళ్ళకేసి చూసుకుంది. చంకలో పిల్లాణ్ణి కిందికి దించింది.

ఎవరు కట్టారని అడగలేదు.

"ఏ ఊర్లో ఉన్నాడు?" అంది.