గోడ మీద రెండు అరచేతులు

నా భార్య స్నానాలగదిలో పడి చనిపోయి రెండు నెలలయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది మా అమ్మాయి ఒక్కతే. నేను బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

స్నానాలగది తలుపు పగలగొట్టింది ఎదురింటి టైలరు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా వెళ్లాక అతను గుమ్మం దగ్గర ఆగాడు.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. ధబ్బుమన్న చప్పుడు నాకూ వినబడింది. ఏ బిందో పడిందనుకున్నా. అప్పుడే రేడియోలో వార్తలు మొదలయ్యాయి. అమ్మాయి వచ్చి పిలిచేసరికి అయిపోయాయి."

"అయితే?"

"ఏం లేదు. పది నిమిషాల వార్తలవి."

ఆ పది నిమిషాలు చెవిలో జోరీగలా చేరాయి. అమ్మాయిని అడగలేదు. అడిగితే జవాబు చెబుతుందేమోనని భయం. తనను కనిపెట్టి చూడడం మాత్రం మొదలుపెట్టాను.

రోజూ కాలేజీ నుంచి రాగానే గది తలుపు వేసుకునేది. ఫోను వంటింట్లోనే ఉండేది. లోపలి నుంచి మాటలు వినబడేవి కావు, రొప్పు వినబడేది. బయటికొచ్చినప్పుడు మొహం కందిపోయి ఉండేది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"చదువుకుంటున్నా."

చదివితే చెమట పట్టే పిల్లలను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చూడలేదు.

నిన్న తను లేనప్పుడు గదిలోకి వెళ్లి దొంగలా సొరుగులన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు. వెనుదిరిగితే సున్నం గోడ మీద, ఛాతీ ఎత్తున, రెండు అరచేతుల మరకలు.

"అది కసరత్తు నాన్నా."

అమ్మాయి సంచి భుజాన ఉండగానే గుమ్మంలో నిలబడి ఉంది.

"పీటీ మేడం నేర్పింది. కదలనిదాన్ని బలమంతా పెట్టి నెడుతూ పది అంకెలు లెక్కపెట్టాలి. గోడ కదలక్కర్లేదు, కండ గట్టిపడుతుందట."

"నీకెందుకమ్మా ఇది?"

సంచి కింద పెట్టింది.

"అమ్మ గడియ వేసుకోలేదు, కానీ తలుపుకి అడ్డంగా పడిపోయింది. లోపలికి తెరుచుకునే తలుపు కదా. నెడుతూనే ఉన్నా. ఇంకొంచెం నెడితే వస్తుంది, ఇంకొంచెం నెడితే వస్తుంది అనుకుంటూ. ఎవరినైనా పిలవాలని తోచలేదు."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఆ తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించమని మీ అమ్మ రెండుసార్లు అడిగింది. సెలవుల్లో చూద్దామన్నాను."

తను నా వంక చాలాసేపు చూసింది, ఇన్నాళ్లూ నేను తనను చూసినట్టే.

లేచి, ఆ మరకల పక్కన అరచేతులు ఆనించి నెట్టాను. కాసేపటికి తను దగ్గరకొచ్చి, కాలితో నా మడమను కొంచెం వెనక్కి జరిపింది.

"ఊపిరి బిగబట్టకు నాన్నా," అంది.