నల్లపట్టీ దిగేదాకా

ఆలంపూర్ రోడ్డు మీది మా జిరాక్స్ షాపులో ఒకప్పుడు పాత డబ్బా మానిటర్ ఉండేది. దాని ముందు అరగంట కూర్చుంటే నాకు తల పగిలిపోయేది. తెర సెకనుకు అరవైసార్లు వెలిగి ఆరుతుందనీ, నా నొప్పికి ఆ మినుకుమినుకే కారణమనీ తెలిసి, సెట్టింగులో ఎనభై అయిదు చేశాను. కళ్లు తెరిపిన పడ్డాయి. ఆ సెట్టింగు ముట్టుకున్నవాళ్లను తిట్టిపోసేదాన్ని.

తెలంగాణ వచ్చిన మరుసటేడు పీర్ల పండుగ సీడీ ఆ తెర మీదే ఆడింది. బొంబాయి వలసపోయిన మావాళ్లు ఏడాదికోసారి ఆ పండుగకే ఊరొస్తారు. అందులో మా వీధి అండాలక్క పెనిమిటి బీరప్ప, పీర్ల ముందరి నిప్పుల గుండం చుట్టూ ఎగిరి, ఆగి, ఇటు చూసి నవ్వుతున్నాడు. అప్పటికే అతను తిరిగి వెళ్లిపోయాడు. జిరాక్సుకొచ్చిన అండాలక్క తెరకెదురుగా ఫోన్ పట్టి ఆ కాస్తా వీడియో తీసుకుంది. ఆ ఏడే అతను బొంబాయిలో స్లాబు మీంచి పడి చనిపోయాడు. సీడీ కూడా ఎప్పుడో పాడైంది.

మొన్న ఆ వీడియో పట్టుకొచ్చింది. గోడకు పెట్టుకోవడానికి ఫొటో కావాలట. ఉన్నదల్లా ఆధార్ ఫొటో, అందులో మనిషి మనిషిలా ఉంటే కదా. వీడియోలోనేమో బీరప్ప మొహం మీదుగా నల్లపట్టీలు పైనుంచి కిందికి జారుతూనే ఉన్నాయి.

చూడగానే నాకర్థమైంది. ఫోను సెకనుకు ముప్ఫై బొమ్మలు తీస్తుంది. తెర అరవైలో ఉంటే రెండింటికీ లెక్క కుదిరి పట్టీ కదలకుండా నిలిచేది. ఎనభై అయిదుతో కుదరదు, అందుకే పరుగు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుందామనుకున్నాను. మనసొప్పలేదు.

"తప్పు నాదేనక్కా. నా కండ్ల కోసం నేనే తెరను మార్చిన," అన్నాను.

ఆమె జర సూడు చెల్లె అని ఫోను నా చేతిలో పెట్టి వెళ్లింది.

కోపం నా మీదే వచ్చి, ఒక్కో బొమ్మా ఆపి చూడసాగాను. అప్పుడు తట్టింది. పట్టీ కళ్ల మీదే నిలిచిపోయి ఉంటే అవి ఎప్పటికీ దొరికేవి కావు. జారుతోంది కాబట్టి ఒక బొమ్మలో నుదురు, ఇంకోదాంట్లో కళ్లు, మరోదాంట్లో నవ్వు తేటగా ఉన్నాయి. అతను ఆగి నవ్విన ఆ రెండు సెకన్లలోంచి ముక్కలు ఏరి అతికించేసరికి మూడు రోజులు పట్టింది.

అండాలక్క ఫొటోను కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. ఇక ఆ వీడియో తీసెయ్యమన్నాను.

"ఉండనియ్యి చెల్లె. ఫొటోల ఎప్పుడు సూసినా ఉన్నడు. గీ వీడియోల జర ఆగితెనే కనవడ్తడు. బతికున్నప్పుడు గూడ గంతే గద, ఏడాదంత ఎదురుసూస్తెనే వచ్చేటోడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఫోనులో వీడియో పెట్టింది. పట్టీ దిగేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.