జావాకు కొలతలు

ఆ ఉదయం ఉషకూ ఆమె భర్త ఆనందానికీ పోపుల డబ్బా దగ్గర మాటా మాటా పెరిగింది. కొత్త డబ్బా మూత వదులై ఆవాల్లో చీమలు చేరుతున్నాయి, పాతదాన్ని తోమి వాడుకుందామని ఉష స్టూలెక్కి చూస్తే అటక మూల బోసిగా ఉంది. పాత డబ్బా వరండాలో ఉంది. దాన్ని అడక్కుండా దించి, గిన్నెలన్నిట్లో నట్లూ బోల్టులూ పోసుకున్నాడు ఆనందం.

"అది మా అమ్మ పెట్టింది," అంది ఉష.

"ఇన్నేండ్ల సంది అటక మీదనే ఉండె. ఇయ్యాల్నే యాదికొచ్చిందా?"

"యాదికి రాకపోతే నాది కాకుండ పోతదా?"

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి మూత తీశాడు. కావాలంటే తీసుకో అన్నట్టు. లోపలికి చూసిన ఉషకు కోపం సగంలో ఆగిపోయింది. పెద్ద నట్లు ఒక గిన్నెలో, చిన్నవి ఒక గిన్నెలో, వాషర్లు వేరు, స్ప్రింగులు వేరు. ప్రతిదాన్నీ కిరోసిన్‌లో కడిగి, పాత లుంగీ ముక్కతో తుడిచి, ఒకప్పుడు తన టైలరు దుకాణంలో గుండీలు సర్దుకున్నట్టే సర్దుకున్నాడు. తన వంటింట్లో ఆవాలూ జీలకర్రా కూడా ఇంత పద్ధతిగా ఉండవని ఆమెకు తెలుసు. ఆ మాట మాత్రం పైకి అనలేదు. ఇప్పుడు దీంట్లో ఆవాలు పోస్తే చారుకు గ్రీజు వాసన వస్తుందనీ, ఆయన్నే ఉంచుకోమనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

"డబ్బా పాయె. రేపు ఇత్తడి బిందె సుత పోతది," అంది హాల్లో తమలపాకుకు సున్నం రాసుకుంటున్న అత్త కాంతవ్వ. "బోనం దేంట్ల వండుతవో చూస్కో పిల్లా."

ఆనందానిది సిరిసిల్ల. తండ్రి మగ్గం నేసినవాడు. ఆనందం మగ్గం వదిలి పట్నం వచ్చి కత్తెర పట్టాడు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో చిన్న దుకాణం పెట్టి, ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలకు ప్యాంట్లు, వాళ్ళ అమ్మలకు జాకెట్లు కుట్టాడు. పిల్లలు ఫోనులో చూసి బట్టలు తెప్పించుకోవడం అలవాటయ్యాక దుకాణం మూసి, మిషను ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన మధ్యాహ్నం పూట గోడకేసి చూస్తూ కూర్చోవడం ఉష చూసింది. 

అప్పుడే పైవాటాలో ఉండే జోగారావు తన జావా బండిని పాత ఇనుముకు వేసేస్తానన్నాడు. ఆయన సనత్‌నగర్‌లో లేత్ మిషను మీద పనిచేసి రిటైరైనవాడు, కాకినాడ వైపు మనిషి. వయసులో ఉండగా ఊరంతా తిప్పిన మోటార్ సైకిల్ అది. మెట్ల కింద పడి పడి దాని చక్రాలు నేలలోకి దిగిపోయాయి.

"ఏం చేసుకుంటారండీ ఆనందం గారూ, దీనికి ప్రాణం లేదు," అన్నాడు జోగారావు.

"గుడ్డకు సుత ప్రాణం ఉండది సార్. కుట్టినంక వస్తది," అన్నాడు ఆనందం.

ఆయన ఆ బండిని విప్పిన తీరు ఉష తన వంటింటి కిటికీలోంచి రోజూ చూసింది. వరండాలో నల్ల గుడ్డ పరిచాడు. విప్పిన ప్రతి భాగాన్నీ దాని మీద పెట్టి, చుట్టూ టైలరు సుద్దతో గీత గీశాడు. దేని పక్కన ఏది ఉండేదో, ఏది ముందు వచ్చిందో ఆ గీతలే చెప్పేవి. ఇంజను మొత్తం కిందికి దిగేసరికి ఆ గుడ్డ, కత్తెర పడబోయే సూటు గుడ్డలా కనిపించింది. సిలిండరు లోపల అరిగిన చోటును జోగారావు తనకు తెలిసిన లేత్ దగ్గర సరిచేయించి తెచ్చాడు. మిగతాది చాలావరకు ఆనందం ఇంట్లోనే చేసుకున్నాడు. తుప్పును గీకడానికి ఉష గిన్నెలు తోమే పీచు ఎంత పోయిందో లెక్కలేదు.

ట్యాంకుకు పాత ఎరుపే వేయాలని జోగారావు పట్టుబట్టాడు. ఆనందం నెమలికంఠం రంగు వేశాడు. ఆ రంగు తన తండ్రి మగ్గం మీద పడుగు పేకల మధ్య పుట్టేదట. అంచు వెంట సన్నటి బంగారు గీత ఒకటి, చేతి వేలు బెసకకుండా ఒక్క లాగుతో గీశాడు. చీర అంచు అంత తిన్నగా వచ్చింది. జోగారావు కళ్ళజోడు తుడుచుకుని చూసి ఇక రంగు మాట ఎత్తలేదు.

ఒకరోజు ఆనందం టేపు పట్టుకొని వచ్చి ఉషను స్టూలు మీద కూర్చోమన్నాడు. కొత్త జాకెట్టు కాబోలు అనుకుంది. ఆయన మోకాలి నుంచి పాదం దాకా కొలిచాడు. చీర కట్టుకొని వెనక పక్కవాటంగా కూర్చుంటే కాలు ఎక్కడికి వస్తుందో అక్కడ పాదం ఆనే పలక బిగించాడు. చక్రంలో కొంగు పడకుండా జాలీ పెట్టాడు. సీటుకు రెక్సిన్ కుట్టి, అంచుకు పైపింగ్ వేశాడు. హ్యాండిలును మాత్రం తన చేతుల కొలతకు వంపించుకున్నాడు. ఒక బండిని ఒక మనిషికి ఇట్లా కుట్టిపెట్టవచ్చని ఉష ఎన్నడూ అనుకోలేదు.

చిక్కల్లా దాన్ని స్టార్ట్ చేయడంలో వచ్చింది. జావాకు కిక్ ఎడమవైపు ఉంటుంది. గేరు మార్చే కడ్డీనే లోపలికి నొక్కి, పైకి తిప్పి, కాలితో తన్నాలి. మిషను తొక్కీ తొక్కీ ఆనందానికి పాడైంది ఆ ఎడమ మోకాలే. నెలలో నాలుగు రోజులు అది వాచేది. అందుకే కొడుకు శ్రవణ్ ఒక మార్గం వెతికాడు. అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు వాడు. పంజాగుట్టలో కొత్తగా పెడుతున్న కాఫీ షాపు వాళ్ళు పాత బండి కోసం చూస్తున్నారనీ, గోడకు తగిలిస్తారట, అడిగినంత ఇస్తారట అనీ చెప్పాడు. ఇంజను నడిచినా నడవకున్నా వాళ్ళకు ఒకటే.

"బోనాల లోపట మీ అమ్మను ఎక్కించుకొని పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుత," అన్నాడు ఆనందం. "ఎక్కకపోతే తీస్కపొమ్మను."

ఆ మాట విన్నప్పటి నుంచీ ఉషకు రెండు భయాలు పట్టుకున్నాయి. గోడకు తగిలిస్తే ఆ నెమలికంఠం రంగు దుమ్ము పట్టిపోతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. సగంలో వదిలేసిన పని ఒక్కటీ లేని మనిషి ఇది వదిలేస్తే, మళ్ళీ ఆ గోడకేసి చూస్తూ కూర్చుంటాడు.

ఇంజను స్టార్టయితే అయింది. సందులో ముద్దుగా నడిచింది. ఉష వెనక కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కేసరికి మాత్రం, సగం ఎత్తులో గొంతు తగ్గి, దగ్గి, ఆగిపోయింది. వెనక బస్సుల హారన్లు. పక్కనుంచి పోతూ ఒక ఆటో డ్రైవర్ తల బయటపెట్టి, "కాకా, మ్యూజియం అటు కాదు" అన్నాడు. ఇద్దరూ బండిని తోసుకుంటూ కిందికి దిగారు. మళ్ళీ రెండుసార్లు అదే కథ. ఒంటరిగా అయితే నడుస్తుంది, బరువు పడితే చస్తుంది.

జోగారావు కార్బురేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గు మార్చాడు. సైలెన్సర్లలో మసి గీకాడు. చివరకు నడుము పట్టుకొని లేచి, "దీనికి ఊపిరి అందట్లేదండీ. లోపల ఎక్కడో బిగబట్టేసింది," అన్నాడు. ఎక్కడో ఆయనకూ అంతుపట్టలేదు.

బోనాల ముందురోజు మధ్యాహ్నం ఆనందం మోకాలికి ఉప్పు మూట కాపడం పెట్టుకుంటూ శ్రవణ్‌కు ఫోన్ చేశాడు. కాఫీ షాపు వాళ్ళను సోమవారం రమ్మని చెప్పమన్నాడు.  కరెంటు బిల్లు కట్టమని చెప్పినట్టే చెప్పాడు.

ఉష విననట్టే మిషను ముందు కూర్చుంది. రేపు బోనం ఎత్తుకోవడానికి కట్టుకోబోయే పట్టుచీర జాకెట్టు బిగుతైంది, ఊపిరి ఆడడం లేదు. విప్పి వదులు చేయాలి. పక్క కుట్టు తీయగానే లోపల మడిచి ఉన్న రెండు వేళ్ళ గుడ్డ బయటపడింది. ఆనందం కుట్టిన ఏ జాకెట్టులోనైనా ఆ గుడ్డ ఉంటుంది. మనిషి పెరుగుతడు, గుడ్డ పెరగది, అందుకే లోపట కొంచెం వదలాలె అనేవాడు. ఆ గుడ్డ కోసమే ఎందరో ఆడవాళ్ళు అమీర్‌పేట సందుల్లో వేరే దుకాణాలు దాటుకొని ఆయన దగ్గరికి వచ్చేవారు.

హుక్సు పట్టీకి ముక్క కావాల్సి వచ్చి ఆమె కత్తిరింపుల సంచి వెతికింది. ఏ చిన్న ముక్కనూ పారేయని మనిషి ఆయన. గుడ్డ ముక్కల మధ్య మందపాటి బూడిదరంగు కాగితం ముక్కలు చేతికి తగిలాయి. ఇంజనులో రెండు ఇనుప భాగాల మధ్య పెట్టే ప్యాకింగ్ కాగితం అది. పాత ప్యాకింగ్ చిరిగితే, దాన్ని నమూనాగా పెట్టుకొని ఆనందమే కత్తెరతో కొత్తది కత్తిరించాడు. ఇవి దానికి రంధ్రాలు చేసినప్పుడు రాలిన ముక్కలు. పాతది ఇంకా గోడ మేకుకు వేలాడుతూనే ఉంది.

ఉష దాన్ని దించి, ముక్కల్ని ఒక్కొక్కటిగా దాని రంధ్రాల్లో పెట్టి చూసింది. బోల్టులు దూరే చిన్న రంధ్రాలకు ముక్కలు చక్కగా అతికాయి. పక్కన కిటికీల్లా ఉన్న పెద్ద రంధ్రాలకు మాత్రం అతకలేదు. ముక్క చిన్నది, చుట్టూరా అగ్గిపుల్ల పట్టేంత సందు. అంటే కొత్త ప్యాకింగ్‌లో ఆ కిటికీలు అంత మేరకు ఇరుకైనట్టే. ఆమెకు ఇంజను తెలియదు. కానీ ఆ చేయి తెలుసు.

రెండూ తీసుకెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"ఇంటున్రా," అంది మెల్లగా. "దీంట్ల సుత లోపట గుడ్డ వదిలిన్రా?"

ఆనందం ముక్కను చూశాడు. పాత ప్యాకింగ్‌ను చూశాడు. ముక్కను దాని కిటికీలో పెట్టి వేలితో అటూ ఇటూ కదిపాడు.

"కొంచెం వదిలిన," అన్నాడు. "తర్వాత దిద్దుకోవచ్చని." ఆగాడు. "కిందికెల్లి పెట్రోలు గాలి పైకెక్కే తొవ్వ ఇదే ఉషా."

"అయితే జాకెట్టు బిగుతైంది."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఉప్పు మూట జారి కింద పడింది. ఏమైందిరా అని కాంతవ్వ హాల్లోంచి అడుగుతున్నా ఆపలేకపోయాడు. "ఇనుము పెరగదే అవ్వా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఇనుము పెరగది."

సాయంత్రం జోగారావును పిలిచి సిలిండరు పైకెత్తారు. నూనెలో నానిన ప్యాకింగ్ అంచు నిజంగానే దారిలోకి వాలి ఉంది. కార్బురేటర్ చుట్టూ తిరిగాను గానీ దీన్ని చూడలేదే అని జోగారావు నెత్తి కొట్టుకున్నాడు. ఆనందం కొత్త కాగితం పరిచి, పాతదాన్ని పెట్టి సుద్ద గీత గీశాడు. కత్తెర ఆ గీత మీదికి వచ్చి ఆగింది. లోపల ఏమీ వదలకుండా గీత మీదే కోయడం ఆ చేతికి అలవాటు లేదు. ఉష ఊపిరి బిగపట్టి చూసింది. ఒక్క నిమిషం తర్వాత కత్తెర గీత వెంటే, వెంట్రుక వాసి అటూ ఇటూ కాకుండా తిరిగింది. ఈ వయసులో చేతికి కొత్త అలవాటు నేర్పుకోవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. బంగారు గీత గీసినప్పటికన్నా ఇప్పుడే ఆయన ఆమెకు గొప్పగా కనిపించాడు.

ఆదివారం పొద్దున్నే బండి గేటు ముందు నిలబెట్టారు. ఆనందం ఎక్కి కూర్చొని ఎడమకాలు ఎత్తాడు, ముఖం ముడుచుకుపోయింది, దించాడు. మళ్ళీ ఎత్తబోయాడు.

"దిగుండ్రి," అంది ఉష.

ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపి, హ్యాండిలు పట్టుకొని నిలబడింది. కడ్డీని లోపలికి నొక్కడం, పైకి తిప్పడం, పాదం ఎక్కడ పెట్టాలో, బరువు ఎప్పుడు వేయాలో, అన్నీ కిటికీలోంచి చూసినవే. మొదటిసారి కడ్డీ ఎదురుతన్ని పిక్కకు తగిలింది. ఆనందం వద్దనేలోపే ఇంకోసారి తన్నింది. నీలం పొగ కక్కి, ఇంజను ఒక్కసారిగా అందుకుంది. ఇంతకుముందున్న గొంతు కాదది, లోతైన గొంతు. పై అంతస్తు నుంచి జోగారావు చప్పట్లు కొట్టాడు.

ఉష యాక్సిలరేటర్ కొంచెం తిప్పి చూసింది. కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో తన అన్న లూనా మోపెడ్ నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళేది. చేతులకు అది గుర్తున్నట్టుంది. జరుగు అని ఆనందం రెండుసార్లు అనాల్సి వచ్చింది.

ఆయన నడిపాడు, ఆమె వెనక కూర్చుంది. పాదం పలక మీద సరిగ్గా ఆనింది. ఫ్లైఓవర్ మీద, ఇదివరకు ఆగిపోయిన చోటు వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకోలేదు. ఇంజను గొంతు మారలేదు. మెట్రో రైలు ఒకటి పక్కనుంచి పోతుంటే, జావా తన పద్ధతిలో తాను ఎక్కి, అవతలికి దిగింది.  ఆనందం అద్దంలో రెండు మూడుసార్లు వెనక్కి, ఆమె చేతుల వైపు చూశాడు.

తిరిగొచ్చాక ఉష స్నానం చేసి, వదులు చేసిన జాకెట్టు తొడుక్కొని, బల్కంపేట ఎల్లమ్మకు బోనం ఎత్తి వచ్చింది. మధ్యాహ్నం అందరూ మటన్ కూరతో అన్నానికి కూర్చున్నారు.

"బాపు, మరి రేపు కాఫీ షాపోళ్ళు వస్తరు," అన్నాడు శ్రవణ్, నీళ్ళు నములుతూ. "బండి నడిచింది, మంచిదే. కానీ నీ మోకాలు..."

"నా మోకాలుతోని కాదు," అన్నాడు ఆనందం. "నువ్వన్నది నిజమే. ఇగ నేను కిక్ కొట్టలేను."

ఉష చేతిలో గరిటె ఆగిపోయింది. కాంతవ్వ కూడా నమలడం ఆపింది.

"పొద్దున మీ అమ్మ కొట్టింది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు నేను చూసిన. చేతులు చాపి అందుకుంటుంది, మోచెయ్యి వంగుతలేదు. అది నా కొలత. రేపు హ్యాండిల్ విప్పుతున్న." ఆయన అన్నంలో కూర కలుపుకుంటూ, దుకాణంలో గిరాకీకి గడువు చెప్పినట్టు నింపాదిగా అన్నాడు. "కాఫీ షాపోళ్ళకు రావద్దని చెప్పు. ఆ చేత్తోనే మీ అమ్మకు లెర్నింగ్ లైసెన్స్ స్లాట్ బుక్ చెయ్యి."

"మరి నువ్వురా?" అంది కాంతవ్వ.

"ఎనక కూసుంట అవ్వా. సీటు మంచిగనే కుట్టిన."

ఉష ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది.

"చేతులకు జర వదులు ఉంచుండ్రి," అంది.