శుక్రవారం బుందెవారా

గుమ్మడికాయ కోరడంలో నెవెంకాను మించినవాళ్ళు మా కికిందా ఊళ్ళో లేరని ఆమె భర్త గావ్రా అందరితోనూ చెబుతాడు. కోరే పని తనమీద పడకుండా అతను కనిపెట్టిన ఉపాయం అది. నలభై ఏళ్ళుగా పనిచేస్తూనే ఉంది.

ఆ గురువారం పొద్దున్నే నెవెంకా ఒక పెద్ద కాయను రెండు చెక్కలు చేసి, గింజలు తీసి గావ్రా చేతికిచ్చి, కోరడానికి కూర్చుంది. మర్నాడు సెయింట్ దిమిత్రి రోజు. వాళ్ళ ఇంటి ఇలవేల్పు ఆయనే కాబట్టి అదే వాళ్ళ స్లావా పండుగ. ఈసారి శుక్రవారం వచ్చింది. శుక్రవారమంటే ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు, వెన్న, పంది కొవ్వు ఏవీ బల్లమీదికి రాకూడదు. చేపలకూ నూనెకూ మాత్రం అడ్డు లేదు. అయిదేళ్ళ కిందట కూడా స్లావా ఇలాగే శుక్రవారం పడింది. ఆ రోజును నెవెంకా ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ రోజు బల్ల చుట్టూ ముప్ఫై మంది ఉన్నారు. పెర్సిదా, గుమ్మడి కోరు పిండిరేకుల్లో చుట్టి కాల్చే బుందెవారా ముక్క ఒకటి నోట్లో వేసుకుని, "ఒసే నెవెంకా, ఇందులో పంది కొవ్వు తగిలిందే!" అంది. పెర్సిదా పరాయి మనిషి కాదు. నెవెంకా పెళ్ళికి సాక్షిగా నిలబడింది. నెవెంకా కూతుర్ని జ్ఞానస్నానం నాడు చేతుల్లో ఎత్తుకుంది. మావైపు ఆ చుట్టరికం తోబుట్టువు కన్నా ఎక్కువ. కానీ ముప్ఫై మంది ముందు ఆ మాట వినేసరికి నెవెంకాకు తల కొట్టేసినట్టయింది. "అబద్ధాలాడే నోటికి నా ఇంట్లో తిండి లేదు!" అని పెర్సిదా ముందున్న పళ్ళెం లాగేసుకుంది. పెర్సిదా కోటు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అసలు సంగతేమిటంటే, కొవ్వు నిజంగానే తగిలింది. హడావిడిలో అలవాటుగా నెవెంకా చెయ్యి కొవ్వు డబ్బాలోకి పోయింది. సగం పిండిరేకులకు పూశాక గాని చూసుకోలేదు. అంత గుమ్మడీ పారెయ్యడానికి ప్రాణం ఒప్పలేదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుని అలాగే కాల్చేసింది.

ఈ సంగతి ఆమె ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. పెర్సిదాకు కబురు పంపుదామంటే అదీ కుదరదు. స్లావాకు ఎవర్నీ పిలవరు. రావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, రాకపోతే లేదు. పెర్సిదా మళ్ళీ వస్తుందా రాదా అన్నదే నెవెంకాను అయిదేళ్ళుగా తినేస్తున్న దిగులు.

"ఈసారి వంకలు పెట్టేవాళ్ళు ఎవరూ లేరులేవే," అన్నాడు గావ్రా గింజలు ఆరబోస్తూ. "నిన్నంత మాట అంటుందా ఆవిడ! ఆ కోపంతోనే కదా నేను వాళ్ళాయన స్టోయాన్‌తో చేపలకెళ్ళడం మానేసింది. పౌరుషమంటే అదీ!"

నెవెంకా ఇంకో చెక్క అందుకుని కోరసాగింది. తన అబద్ధాన్ని ఈ పిచ్చిమనిషి అయిదేళ్ళుగా పౌరుషంగా మోస్తున్నాడు. ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆ తరవాత పని చకచకా సాగింది. గుమ్మడి కోరులో నీరు పిండేసి, పంచదార, అక్రోట్ల పలుకులు, దాల్చినచెక్క పొడి, నూరిన లవంగాలు కలిపింది. కొట్లో కొన్న పల్చటి పిండిరేకులు పరిచి, నూనె రాసి, మీద కాస్త సోడా నీళ్ళు చిలకరించి, కోరు పరిచి చాపలా చుట్టింది. ఇనప తట్టలో పేర్చి ఓవెన్‌లో పెడితే ముప్పావుగంట పని. ఇంత తేలిక వంటలో అంత పాపం ఎలా చేయగలిగానా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇల్లంతా కమ్మటి వాసన నిండాక నాలుగు ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని, గావ్రాకు చెప్పకుండా రెండు వీధులవతలకు నడిచింది.

తలుపు తీసింది పెర్సిదాయే.

"పిలవడానికి రాలేదు," అంది నెవెంకా గుమ్మంలోనే.

"పిలిస్తే మాత్రం వచ్చేస్తాననుకున్నావా?"

"ఆ రోజు కొవ్వే పడిందే. తెలిసే పెట్టాను."

పెర్సిదా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నాకు తెలీదనుకున్నావా? నా నాలుకకేం తెగులు పుట్టలేదే తల్లీ. అయిదేళ్ళు! మా ఆయన ఒంటరిగా గట్టుమీద కూర్చుని చేపలతో మాట్లాడుకుంటున్నాడు."

"తప్పయిపోయింది."

"నన్ను ముప్ఫై మందిలో అబద్ధాలకోరుని చేశావు. ఇప్పుడేమో నా ఇంటి గుమ్మంలో గుసగుసలాడి పోదామనుకుంటున్నావా? ఆ పళ్ళెం తీసుకుపో. నీ ఇంటి తిండి తింటే నీ బల్ల దగ్గరే తింటాను. లేకపోతే లేదు."

మర్నాడు ఫాదరు గారు వచ్చి ప్రార్థన చదివారు. కొవ్వొత్తి వెలిగింది, పండుగ రొట్టె కోయడం అయింది. ఈసారీ ముప్ఫై మంది వచ్చారు. చేపల పులుసు, చిక్కుడు గింజలు వరసగా వడ్డించారు. తలుపు చప్పుడైనప్పుడల్లా నెవెంకా వాకిలివైపు చూసింది. పెర్సిదా రాలేదు. బుందెవారా తట్ట బల్లమీద పెట్టేసరికి గావ్రా బాబాయి లాజా ముసలాయన నవ్వుతూ, "ఏమ్మా, ఈసారి ధైర్యంగా తినొచ్చా? పెర్సిదా లేదుగా వాసన పట్టడానికి!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

నెవెంకా నిలబడింది.

"ఆ రోజు కొవ్వు పడింది. పెర్సిదా నిజమే చెప్పింది. అబద్ధం ఆడింది నేను."

లాజా చేతిలో చెంచా కింద పెట్టేశాడు. ఫాదరు గారు గొంతు సవరించుకున్నారు. "నేను ఆ రోజు నాలుగు ముక్కలు తిన్నానమ్మా. ఉపవాసం వంట ఇంత రుచిగా ఎలా కుదిరిందా అని ఇంటికెళ్ళేదాకా అనుకుంటూనే ఉన్నాను," అన్నారు. నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. గావ్రా ఒక్కడు నవ్వలేదు. లేచి, టోపీ పెట్టుకుని, భార్య వైపయినా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

నెవెంకా ఖాళీ పళ్ళేలు ఎత్తుతూ ఉండిపోయింది. స్నేహితురాలు రాలేదు, మొగుడూ పోయాడు. అయినా విచిత్రంగా ఛాతీమీద బరువు దిగినట్టే ఉంది. ఏడుపు మాత్రం ఆగడం లేదు. వంటింట్లోకి పోయి ఏప్రానుతోనే ముఖం తుడుచుకుంది.

అరగంట తరవాత గావ్రా తిరిగొచ్చాడు. వెనకాల స్టోయాన్, అతని వెనకాల పెర్సిదా. ఆమె ఇస్త్రీ మడత చెదరని నీలం గౌను వేసుకుంది. పొద్దుటి నుంచీ సిద్ధమై కూర్చున్న సంగతి చూసినవాళ్ళకెవరికైనా తెలిసిపోతుంది.

"నేనెవర్నీ పిలవలేదు," అన్నాడు గావ్రా బల్ల దగ్గరివాళ్ళందరికీ వినబడేలా. "చేపల సంగతి మాట్లాడాలని వెళ్ళాను. వాళ్ళే బయల్దేరారు." తరవాత నెవెంకా పక్కకు వచ్చి, "నాకు ముందే చెప్పొద్దటే పిచ్చిదానా?" అన్నాడు చిన్నగా.

పెర్సిదా తన పాత చోట కూర్చుంది. నెవెంకా పళ్ళెం పెట్టింది. పెర్సిదా ఒక ముక్క తీసుకుని, కొరికి, తొందరేమీ లేనట్టు నమిలింది. ముప్ఫై మందీ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"దాల్చినచెక్క ఎక్కువేశావు," అంది పెర్సిదా.

నెవెంకా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని చూసింది.

"ఎక్కువే పడిందే," అంది, అందరికీ వినిపించేలా.