ముప్పై ఏడు పున్నములు తక్కువ

పెళ్లయి నలభై రోజులు తిరక్కముందే సింధూకి ప్రొద్దుటూరు అత్తవారింట్లో ఒక పెద్ద పని అప్పజెప్పారు. వచ్చే వైశాఖ పౌర్ణమికి భర్త వాళ్ల అవ్వ విశాలాక్షమ్మకు సహస్ర చంద్ర దర్శన శాంతి. వెయ్యి పున్నములు చూసినవాళ్లకు, అంటే ఎనభై ఏళ్ల పది నెలలు నిండినవాళ్లకు చేసే వేడుక అది. ఆ రోజు గోడకు తగిలించడానికి వంశవృక్షం గీయాలి.

సింధూ పులివెందుల పుట్టింటి నుంచి రంగు పెన్నులు తెప్పించుకుంది. హాలు నిండా చార్టు పరుచుకుని, ఊరూరా బంధువులకు ఫోన్లు చేసి, పుట్టిన ఏళ్లూ పెళ్లయిన ఏళ్లూ రాసుకుంది. పురోహితులైన మామగారు గురురాజారావు అటుగా పోతూ "బాగుందమ్మా" అంటే చాలు, ఆ పూట ఆమెకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

ఒక మధ్యాహ్నం భర్త సుధన్వ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చార్టు ముందు కూర్చోబెట్టింది.

"ఇది చూడు. 1930లో మొదటి మూడు నెలల్లోనే మీ ఇండ్లలో నాలుగు పెళ్లిళ్లు."

"ముహూర్తాలు బాగుండింటాయిలే."

"ముహూర్తాలు కాదు. ఆ ఏప్రిల్ ఒకటి నుంచి ఆడపిల్లకు పద్నాలుగు నిండాలని చట్టం. అందుకే అంతకు ముందే తొందర తొందరగా చేసేసినారు. ఆ తర్వాత చూడు, పెళ్లికూతుళ్లందరికీ సరిగ్గా పద్నాలుగే. 49లో చట్టం పదిహేను అనింది. ఆడి నుంచి అందరికీ పదిహేను. 78లో పద్దెనిమిది చేసినారు. మళ్లా అందరికీ పద్దెనిమిది."

సుధన్వ తల గోక్కున్నాడు. "మా ఇండ్లలో ఆడపిల్లలు చట్టం చూసుకొని పుట్టినట్టుండారే."

సింధూ పకపకా నవ్వింది. నవ్వుతూనే అవ్వ పేరు మీద వేలు పెట్టి ఆగిపోయింది. పుట్టింది 1942 ఆషాఢం, పెళ్లి 1958 వైశాఖం. సరిగ్గా పదిహేను.

"వయసు చూసి పెళ్లి చేయలేదేమో. పెళ్లికి సరిపోయేట్టు వయసు చెప్పినారేమో," అంది మెల్లగా.

"కార్డులు పంచేసినాం సింధూ," అన్నాడు సుధన్వ, ఇంకా మెల్లగా.

మర్నాడు ఇద్దరూ స్కూటరు మీద అవ్వ పుట్టిల్లు ఉన్న జమ్మలమడుగు వెళ్లారు. ఆ ఇంట్లో ఎవరు పుట్టినా ఆ ఏటి పంచాంగంలోనే, ఆ తిథి పక్కన, అంచు మీద రాసిపెట్టడం అలవాటు. అవ్వ తమ్ముడి కొడుకు అటక మీది కట్టలు దించి ఇచ్చాడు. 1942 నాటి చిత్రభాను పంచాంగంలో ఆషాఢం అంచు ఖాళీ. 1943లోనూ ఖాళీ. 44లోనూ ఖాళీ. పార్థివ, అంటే 1945 పంచాంగంలో మాత్రం, ఆషాఢ బహుళ పంచమి పక్కన మాసిన సిరాతో ఉంది: "స్త్రీ శిశువు. విశాలాక్షి."

అంటే పెళ్లినాటికి పదమూడు కూడా నిండలేదు. ఇప్పుడు డెబ్బై ఏడు.

కనిపెట్టినందుకు సింధూకి ఎగిరి గంతేయాలనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనకాల కూర్చున్నాక గానీ భయం పుట్టలేదు. అమ్మకు ఫోన్ చేస్తే పులివెందుల నుంచి చీవాట్లు వచ్చాయి. "నలభై దినాల కోడలివి. అత్తగారింటి కార్యం ఆపినావనే పేరు తెచ్చుకుంటావా? నోరు మూసుకోనుండు."

నోరు మూసుకుంటే ఊరంతా సంతోషమే. కానీ మామగారు హోమం ముందు కూర్చుని, అంత నిష్ఠగల మనిషి, లేని లెక్కను దేవుడికి అప్పజెప్తారు. అదీ, సింధూకి తెలిసి కూడా.

ఇంటికి వచ్చేసరికి అవ్వ, పక్కింటి ఫాతిమమ్మ వరండాలో ముంజలు తింటున్నారు. ఫాతిమమ్మకు డెబ్బై తొమ్మిది. యాభై ఏళ్లుగా అవ్వను "అక్కా" అనే పిలుస్తుంది. సింధూ వెంట తెచ్చిన పంచాంగం తెరిచి అవ్వ ఒడిలో పెట్టింది.

అవ్వ అంచు మీది అక్షరాలు వేలుపెట్టి చదివింది.

"మా నాయన రాత," అంది. "పదిహేను నిండినాయని చెప్పు, లేకుంటే పోలీసోళ్లు నన్ను పట్టకపోతారు పాపా అన్యాడు. ఆ పొద్దు నుంచి ఎవురడిగినా మూడేండ్లు కలిపే చెప్తాండా. ఏడో తరగతి పుస్తకాలు అట్లనే గూట్లో పెట్టి వచ్చినా."

లోపలికి తిరిగి కేకేసింది. "గురూ, ఇట్ల రా. నాకు ఎనభై లేవంట."

గురురాజారావు కండువా సర్దుకుంటూ వచ్చి పంచాంగం చూశారు. వేళ్ల మీద లెక్క పెట్టారు.

"ముప్పై ఏడు పున్నములు తక్కువ," అన్నారాయన. "ఎవరు కనుక్కున్యారు?"

"నేనే, మామయ్యా," అంది సింధూ నేల చూస్తూ.

ఆయన పంచాంగం కళ్లకద్దుకున్నారు. "మంచిదైంది. చూడని చంద్రుళ్లను చూసినట్టు సంకల్పం చెప్పేవాణ్ని గదమ్మా." అంతలోనే నుదురు కొట్టుకున్నారు. "కార్డులు అనంతపురం దాకా పోయినాయే. వంటవాళ్లకు మాట ఇచ్చినామే."

"దానికేంది?" అంది అవ్వ ముంజ ఒలుస్తూ. "కార్యం మూడేండ్లు వాయిదా. భోజనం వాయిదా ల్యాదు. అందరూ వచ్చి సింధూ పటం చూసి, వాళ్ల వాళ్ల అసలు వయసులు చెప్పి పోవల్ల."

సుధన్వ వెనక నుంచి సింధూ జడ మెల్లగా లాగాడు. ఆమె నవ్వాపుకుంటూ పెన్ను తీసింది. 1942 కొట్టేసి 1945 రాసింది. పెళ్లి వయసు దగ్గర ఆగింది.

"నిజమే రాస్తా, అవ్వా. పన్నెండు అని."

"రాయి. మా నాయన పోయి నలభై ఏండ్లాయ. ఇంగ ఎవుర్ని పట్టకపోతారు?" అని, అవ్వ పక్కకు తిరిగింది. "ఫాతిమా, నీకన్నా నేను రెండేండ్లు చిన్న. ఇంగ నేనే నిన్ను అక్కా అనల్ల."

ఫాతిమమ్మ చేతిలోని ముంజ పక్కన పెట్టింది.

"అట్లయితే యాభై ఏండ్లు నేనిచ్చిన మర్యాదంతా వాపసు ఇయ్యి," అంది. "ముందు లేసి నాకు నీళ్లు తీసకరా, చెల్లీ."

అవ్వ నిజంగానే లేచింది.