అన్నయ్య పేరు మీద ఒక గంట

టీవీ మెకానిక్‌కు ఒక పిచ్చి ఉంది. ఏ ఇంటికి వెళ్లినా, బొమ్మ రావడం లేదన్నా మాట రావడం లేదన్నా, ముందు చేసే పని ఒకటే. ఎవరేం చూస్తున్నారో కంపెనీకి చేరవేసే సెట్టింగులన్నీ ఆపేసి, పాత జాడలు తుడిచేస్తాడు. అడిగినా అడక్కపోయినా అంతే. "డబ్బిచ్చి మరీ వాడి కన్ను మన గోడకి తగిలించుకున్నాం" అని చిందులు తొక్కుతాడు.

అతని అన్నయ్య పోయిన ఎనిమిదో నెలలో వదిన ఫోన్ చేసింది.

"టీవీ నత్తలా నడుస్తోంది. ఓసారి వచ్చి చూడు."

చూస్తే మెమరీ గొంతుదాకా నిండి ఉంది. వదిన టీ పెట్టేలోపు అలవాటు కొద్దీ కంపెనీ దగ్గరున్నదీ చెరిపెయ్యమని నొక్కి, టీవీలోది మొత్తం చెరిపేసి, మళ్లీ మొదటినుంచి అన్నీ ఎక్కించాడు. టీవీ చిటికెలో లేచి కూర్చుంది.

వదిన కప్పులతో వచ్చి తెర వంక చూసింది.

"ఆయన పేరేది ఇక్కడ?"

"ఏ పేరు వదినా?"

"సాయంత్రం పెట్టగానే ఆయన పేరు చూపించేది. మిగతా కుస్తీ పోటీలు చూస్తారా అని అడిగేది."

వదినకు కుస్తీ అంటే ఒళ్లు మంట. అయినా ఈ ఎనిమిది నెలలూ రోజూ ఒక గంట అన్నయ్య పేరు నొక్కి, వాటి ముందు కూర్చుంది. మానేస్తే టీవీ ఆయన్ని మర్చిపోతుందని భయం.

"అందరూ లేడనే అన్నారు. ఇదొక్కటే ఉన్నాడనుకునేది" అంది వదిన. "కంపెనీ వాళ్ల దగ్గరైనా ఉంటుందేమో, అడగవూ?"

ఇన్నేళ్లూ ఆ కంపెనీలను దుమ్మెత్తి పోసినవాడు వరండాలోకి వెళ్లి ఫోన్లో కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఏదో ఒక మూల దాచే ఉంటారు కదమ్మా, కాస్త వెతకండి!"

"మీరే చెరిపెయ్యమన్నారు కదండీ. మొత్తం చెరిపేశాం" అంది అవతలి అమ్మాయి.

చచ్చీ చెడీ ఒక కంపెనీ మాట నిలబెట్టుకుంది, అదీ ఇవాళే. అతను గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

లోపలికి వచ్చిన అతని ముఖం చూడగానే వదినకు అర్థమైపోయింది.

"పోనీలే, కావాలని చేశావా ఏంటి?" అంది, కళ్లు ఒత్తుకుంటూ.

టీవీ తన ప్రశ్నలు తాను వేసుకుంటూ పోతోంది. ఇంట్లో చూసేవారు ఎందరు? కింద అంకెలు.

వదిన రిమోట్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వే నొక్కు నాయనా. నావల్ల కాదు."

అతను చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి ఒకటి అంకె నొక్కాడు. టీవీ క్షణం కూడా ఆలోచించకుండా సరేనంది.